రిమార్కుల గడిలో గాజుముక్కలు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనబడినా నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. మీ సర్వీసులో మీరు పట్టుకున్న అతి పెద్ద కల్తీ ఏది సార్ అని. నేతిలో డాల్డా, కారంలో ఇటుకపొడి, మిరియాల్లో బొప్పాయి గింజలు నేనూ అందరిలాగే పట్టుకున్నాను. వాటి గురించి చెప్పుకుంటే నాకు గౌరవం పెరుగుతుంది, మీకు ఆవలింత వస్తుంది. అందుకని లేని కల్తీని పట్టుకున్న సంగతి చెబుతాను. ఉన్నదాన్ని పట్టుకోవడం కంటే అది కష్టం. దానికి చదువు కావాలి, అనుభవం కావాలి, మంచి భూతద్దం కావాలి. నా దగ్గర మూడూ ఉండేవి.

నేను పనిచేసింది నాచారం పారిశ్రామికవాడలో రెండో అంతస్తులో ఉన్న ఒక ప్రైవేటు ఆహార పరీక్షల ల్యాబులో. ఇల్లు ఉప్పల్‌లో. నా విభాగం పేరు సెన్సరీ. అంటే రంగు, వాసన, రుచి చూసి మార్కులు వేసే పని. మా బంధువులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, తిన్నందుకు జీతమిచ్చే ఉద్యోగం. పెళ్లయిన కొత్తలోనే మా ఆవిడ ఒక నియమం పెట్టింది: ఆఫీసులో వేసే మార్కులు ఆఫీసులోనే వేయాలి. ఆ నియమం నేటికీ అమలులో ఉంది.

రుచి చూసే గది కిటికీలు మేము ఎప్పుడూ తెరిచేవాళ్లం కాదు. గాలి ఒక పక్కనుంచి వీస్తే బిస్కెట్ల వాసన, ఇంకో పక్కనుంచి వీస్తే మందుల కంపెనీ వాసన. ఉత్తరపు గాలి గట్టిగా కొట్టిన రోజు జవహర్‌నగర్ చెత్త డంపు తానింకా ఉన్నానని గుర్తుచేసేది. లోపలికి వచ్చేవాళ్లకు సెంటు, పౌడరు, కొబ్బరినూనె, పొద్దున వెలిగించిన అగరుబత్తి వాసన ఏవీ ఉండకూడదు. ఒక నమూనాకీ ఇంకో నమూనాకీ మధ్య నోరు శుభ్రపడటానికి గుప్పెడు మరమరాలు, గోరువెచ్చని నీళ్లు. ఐదుగురు కూర్చుంటారు. ఆ ఐదుగురినీ ప్యానెల్ అంటారు. వేసవిలో ఆవకాయ నమూనాలు మొదలైతే ఆ ఐదుగురికీ రకరకాల జబ్బులు వచ్చేవి. రోజుకు పద్దెనిమిది ఆవకాయలు అన్నం లేకుండా నాలుక మీద పెట్టుకున్నవాళ్లకే ఆ జబ్బు తీవ్రత తెలుస్తుంది.

ప్యానెల్‌లో అందరికంటే గట్టి నాలుక మా అక్కది. అక్క అంటే మా అటెండరు. గాజు సామాను కడగడం ఆమె పని. నాచారం పాత ఊరి మనిషి. ఇప్పుడు రేకుల షెడ్లున్న చోట ఒకప్పుడు వాళ్ల నాన్నకు ద్రాక్ష తోట ఉండేది. ప్యానెల్‌లోకి ఎవరిని తీసుకోవాలన్నా ఒక పరీక్ష ఉంటుంది. పదిసార్లు మూడేసి కప్పులు పెడతాం. రెంట్లో ఒకటే ఉంటుంది, మూడోది వేరు. ఆ వేరుగా ఉన్నది చెప్పాలి. ఎమ్మెస్సీలు చదివినవాళ్లు పదింట ఆరు చెబితే మేము చప్పట్లు కొట్టేవాళ్లం. ఒకరోజు కప్పులు కడుగుతూ అక్క, "సార్, గీ మూడోదాంట్ల ఇంగువ జర ఎక్కువేసిన్రు" అంది. కప్పు ఖాళీ. ఆమె వాసన చూసి చెప్పింది. మర్నాడు ఆమెను కూర్చోబెట్టాం. పదికి పది. నాకు ఎన్నొచ్చేవో ఇక్కడ అప్రస్తుతం.

నేను రిటైరయ్యే ఏడాది, ఎండాకాలంలో, ఒక సోమవారం మా మేనేజరు మేడం పన్నెండు సీసాలున్న అట్టపెట్టె ఒకటి నా బల్ల మీద పెట్టించారు. మేడం ఒక పబ్లిక్ సెక్టార్ శాస్త్రవేత్తగారి అమ్మాయి. విజయవాడ వైపు మాట, ఏ పనినీ కాదనని స్వభావం.

"ఫ్రెంచి వైట్ వైన్ అండీ. మన పక్క వీధి కోల్డ్ స్టోరేజీలో వందల పెట్టెలున్నాయట. బయటి ల్యాబు రిపోర్టు ఉంటేనే హోటలు వాళ్లు తీసుకుంటారట. దిగుమతి చేసినాయన మన దగ్గరికి పంపాడు."

"మేడం, మనం ఇంతవరకూ వైను చూడలేదు కదా."

"పుల్లటి పదార్థమే కదండీ. మీరు చూడని పులుపు ఉందా?"

ఆ మాటకు నేను పొంగిపోయానని ఒప్పుకోవాలి. నా తప్పు బహుశా అక్కడే మొదలైంది. ఈ బహుశా అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వైను వచ్చిందన్న కబురు మా బిల్డింగులో నాకంటే ముందు తిరిగింది. ఆవకాయ రోజుల్లో మూలిగిన వాళ్లందరి ఆరోగ్యం ఒక్కసారిగా కుదుటపడింది. ఎన్నడూ మా అంతస్తుకు రాని అకౌంట్స్ ఆఫీసరు మల్కాజిగిరి నుంచి తొమ్మిదికల్లా దిగాడు. సెంటు పూసుకోలేదు, తలకు నూనె పెట్టలేదు. నియమాలన్నీ ఎక్కడో చదువుకుని మరీ వచ్చాడు.

"అన్నా, ప్యానెల్ల ఒక మనిషి తక్కువ ఉన్నడంట గదా" అన్నాడు.

"ఎవరన్నారు?"

"నువ్వు ఊ అంటే తక్కువైతడు."

పరీక్ష పెట్టాను. నాలుగు వచ్చాయి. అయినా తీసుకున్నాను, ఎందుకంటే నిజంగానే ఒక మనిషి తక్కువ. సోమవారం అక్కకు ఒక్కపొద్దు. పొద్దు గూకేదాకా ఏదీ నోట్లో పెట్టదు.

"కల్లుకు భయపడేటోళ్లం గాదు సార్ మేము. ఇయ్యాల సోమారం, గంతే" అంది. అంతలోనే, "వాసన సూస్తే ఒక్కపొద్దు పోదు లే" అని కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

మార్కులు వేయడానికి వైను కాగితం మా దగ్గర లేదు. ఉన్నది పచ్చళ్ల కాగితం. అందులో ముక్క మెత్తదనం, నూనె తేలడం, కారం అనే గడులు కొట్టేసి, వాటి స్థానంలో రంగు, తేటదనం, వాసన, పులుపు, మింగాక మిగిలే రుచి అని రాశాను. మింగాక అన్న మాట చూసి అకౌంట్స్ ఆఫీసరు మొహం వెలిగింది. అప్పుడు నేను ఒక్కొక్కరి ముందూ ఒక కాగితం కప్పు పెట్టి, నోట్లో తిప్పి ఇందులో ఉమ్మేయాలని చెప్పాను. ముప్ఫై ఏళ్లలో ఎందరికో రిపోర్టులు చదివి వినిపించాను. అంత విషాదం ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"మొత్తం ఉమ్మాల్నా?" అన్నాడు.

"మొత్తం."

"పచ్చడి రోజు గూడ గిట్లనే రూల్ ఉంటదా?"

"పచ్చడి రోజు నువ్వు రాలేదు."

సీసా మీద ఊరి పేరు నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవబోతే మేడం, "బోర్డో అనాలండీ" అన్నారు. అక్క చటుక్కున తలెత్తింది.

"బోర్డోనా? మా నాయిన పందిరికి కొట్టేది గదే గద సార్! మైలుతుత్తం, సున్నం కలిపి."

ఆ మిశ్రమం ముందు పుట్టింది ఆ ఊళ్లోనేనని, అక్కడి ద్రాక్ష తీగలకు బూజు తెగులొస్తే కొట్టారని చెప్పాను.

"అంటే వాళ్ల తీగకు, మా తీగకు ఒకటే రోగమన్నట్టు" అంది అక్క. అప్పటినుంచి ఆ సీసాను బంధువుల ఇంటినుంచి వచ్చిందాన్ని చూసినట్టు చూడటం మొదలుపెట్టింది.

వైను రంగు లేత ఎండుగడ్డి రంగు. వెలుతురుకు పట్టుకుంటే తేటగా ఉంది. గ్లాసును గుండ్రంగా తిప్పితే వాసన లేస్తుందని అకౌంట్స్ ఆఫీసరు ఏదో వీడియోలో చూశాడట. తిప్పాడు. సగం చొక్కా మీద పడింది. ఆ సగాన్ని ఉమ్మాల్సిన పని లేదు కాబట్టి అతను పెద్దగా బాధపడలేదు.

దిగుమతిదారు వైనుతోపాటు వాసనల పట్టిక ఒకటి పంపాడు. అందులో మా ఊళ్లో ఎవరూ చూడని పొదలు, పండ్లు ఉన్నాయి. ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. మా గదిలో ఒక కట్టుబాటు ఉండేది: నీ ముక్కు ఎరగని వాసన పేరు కాగితం మీద రాయకూడదు. పట్టికలో తడిరాయి వాసన అని ఉంది. ఎలాంటి రాయి? నేను కళ్లు మూసుకుని పీల్చాను. మా చిన్నప్పటి ఇంటి వరండాలో షాబాద్ బండల మీద మొదటి వాన చినుకులు పడ్డప్పటి వాసన. అదే రాశాను. పంపరపనస తొన ఒలిచినట్టు అని ఇంకొకరు రాశారు. అకౌంట్స్ ఆఫీసరు, "మస్తుంది" అని రాశాడు. గడి ఏదైనా అతని జవాబు అదే.

అక్క రెండుసార్లు పీల్చి గ్లాసు కింద పెట్టింది. "ముందుగాల అగ్గిపుల్ల గీసినట్టు గంధకం. అది పోయినంక టమాట చెట్టు ఆకు నలిపితే వస్తది సూడు, గది. మా తోటల తీగ కొసలు నమిలితే గూడ గట్లనే ఉండె."

తర్వాత ఎప్పుడో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆ రకం ద్రాక్షను ఎరిగినవాళ్లు చెప్పే మొదటి గుర్తుల్లో టమాటా ఆకు ఒకటట. వాళ్లు ఏళ్లు కష్టపడి నేర్చుకున్నది అక్క ఒక్కపొద్దు మీద చెప్పింది.

నాలుక మీద పులుపు చురుగ్గా తగిలి, పక్కలకు జారి, చివర్లో కాస్త చేదు మిగిల్చి వెళ్లిపోయింది. మర్యాద తెలిసిన పులుపు. నిమ్మకాయలా మొహం మీద కొట్టలేదు. నాకు బాగా తెలిసిన పులుపే అనిపించింది గానీ ఎక్కడ తెలుసో అందలేదు. మంచి మార్కులు వేశాం. కథ అక్కడితో అయిపోయి ఉంటే నేనీ పూట మీకు మిరియాల్లో బొప్పాయి గింజల గురించి చెబుతుండేవాణ్ణి.

అందరూ లేచిపోయాక ఆఖరి సీసాలో అడుగున మిగిలినదాన్ని గ్లాసులోకి వంచాను. అడుగున తళుక్కుమంది. సన్నటి పలుకులు. రంగు లేదు, అంచులు పదును, కదిపితే గాజుకు తగిలి చిన్నగా గరగరలాడాయి. మిగతా సీసాలు చూశాను. చాలావాటిలో ఉన్నాయి. భూతద్దం కింద పెడితే మెరిసే ముక్కలు. బియ్యంలో రాళ్లు, పప్పులో గాజు, పంచదారలో ఇనుము ఏరిన చేతులివి. నాకు అనుమానం కలగలేదు. అనుమానం కలగకపోవడాన్ని ఆ రోజుల్లో నేను అనుభవం అనేవాణ్ణి.

సీలు వేసిన సీసాలోకి గాజు ఎలా వెళ్లింది? ఈ ప్రశ్న నాకు వచ్చింది. రాకపోయినా బాగుండేది. ఎందుకంటే దానికి నేనే జవాబు కనిపెట్టాను. మా రిపోర్టులో చివర రిమార్కులని ఒక గడి ఉంటుంది. ఎవరూ నింపరు. ముప్ఫై ఏళ్లు దాన్ని ఖాళీగా వదిలేసిన నేను, పోయే ముందు ఒక్కసారైనా మేధావిలా కనబడాలని ఇలా రాశాను: పరాయి పదార్థం, గాజుముక్కలు. బహుశా పెట్టెలు కింద పడటం వల్ల సీసా లోపలి అంచు చిట్లి ఉండవచ్చు.

పెట్టెలు కింద పడ్డాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ వాక్యం అందంగా కుదిరింది, అంతే.

బుధవారం రిపోర్టు వెళ్లింది. శుక్రవారం మధ్యాహ్నం మా రిసెప్షన్ బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆయన స్వెట్టర్ వేసుకుని, మెడలో మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. పక్క వీధి కోల్డ్ స్టోరేజీ ఇన్‌చార్జి. ఉప్పల్ మనిషే, యాభై దాటాయి. చేతిలో తువ్వాలు చుట్టిన సీసా.

"సార్, గాజుముక్కలని రాసింది మీరేనా?"

"ల్యాబు రాసింది" అన్నాను. ఇలాంటప్పుడు ల్యాబు అనే మనిషి చాలా అక్కరకొస్తాడు.

"డబ్బాలు కింద పడ్డయని గూడ ల్యాబే సూసిందా?"

నేను కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

"ఇరవై ఏండ్లాయె సార్ గా స్టోరేజీల. చింతపండు, మిరపకాయ, ఎవ్వల మాల్ గానీ ఒక్క డబ్బా జారనియ్యలే. మీ కాయితం పట్టుకొని సరుకాయన వచ్చి మా ఓనర్ మీద లొల్లి జేసిండు. ఓనర్ నన్ను సోమారం దాంక రానిస్తా అన్నడు. పడలేదని రుజువు జెయ్యి, లేకుంటే తాళాలు ఇచ్చి పో అన్నడు. పడనిదాన్ని పడలేదని ఎట్ల రుజువు జెయ్యాలె సార్? మీరు సదువుకున్నోళ్లు, జర చెప్పుండ్రి."

తువ్వాలు విప్పాడు. "గిది అన్నిటికంటె పైన ఉన్న డబ్బల్ది. నా సేతుల్తోటి పసిపోరణ్ణి దించినట్టు దించిన. గిండ్ల గూడ ఉన్నయ్ పలుకులు. ఇది యాడ పడ్డది సార్?"

వెలుతురుకు పట్టుకుని చూశాను. ఉన్నాయి. నా అందమైన వాక్యం లోపల ఎక్కడో చిట్లిన శబ్దం వినబడింది. అయినా వెంటనే ఒప్పుకునేంత మంచివాణ్ణి కాను. "దారిలో ఓడలో కుదుపులకు కూడా..." అని మొదలుపెట్టాను.

కడిగిన గ్లాసులు తట్టలో పెట్టుకుని అటుగా వెళ్తున్న అక్క ఆగింది.

"గాజేంది సార్?"

చెప్పాను.

"గా సోమారం గ్లాసులల్ల గూడ ఉండె గద, అడుగున. ఏడినీళ్లు పోస్తే కరిగిపాయె. సీసపెంకు కరుగుతదా?"

ఇన్‌చార్జి అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మరి ఆ రోజే చెప్పలేదేం అక్కా?"

"మీరు గాజని రాసిన్రని నాకేమెరుక? నన్నడిగిన్రా? ఒక్కపొద్దని పక్కకు కూసోబెట్టిన్రు." తట్ట దించి, సీసా అందుకుని, మూత తిప్పి, పైన వైను బీకరులోకి వంపి, అడుగున మిగిలినదాన్ని అరచేతిలో పోసుకుంది. రెండు పలుకులు మెరిశాయి. నేను అర్థం చేసుకునేలోపు చెయ్యి నోటి దగ్గరకు వెళ్లింది.

"అక్కా! గాజు!" అని అరిచాను. నా రిపోర్టు మీద నాకు చివరిసారి నమ్మకం కలిగింది అప్పుడే.

ఆమె కళ్లు చికిలించి చప్పరించింది. "పుల్లగున్నయ్. మా అమ్మ రాలిన ద్రాక్షపండ్లు పులియబెట్టి సిర్కా పెడుతుండె. కుండ అడుగుకు గిట్లనే పలుకులు పట్టేటియి. మేము పిల్లలం గోరుతోటి గీకి నాకుతుంటిమి. చలికాలం ఇంక ఎక్కువ పడుతుండె."

చలికాలం అన్న మాట వినగానే ఇన్‌చార్జి స్వెట్టరు వంక చూశాను.

"వైను మీరు ఏ గదిలో పెట్టారు?"

"చింతపండు రూంల. మస్తు సల్లగుంటది. సల్లగుంచుమని రాసిండు గదా డబ్బ మీద, నేను గింకింత సల్లగుంచిన."

చింతపండు. నా నాలుక సోమవారం నుంచి వెతుకుతున్న పులుపు ఎక్కడిదో అప్పుడు దొరికింది. ద్రాక్షలో ఉండేదీ చింతపండులో ఉండేదీ ఒకటే ఆమ్లం. వారానికి రెండుసార్లు చొప్పున ముప్ఫై ఏళ్లు చింతపండు గుజ్జులో దాన్నే కొలిచాను. వైను మరీ చల్లబడితే ఆ ఆమ్లపు లవణం పలుకులుగా అడుగుకు దిగుతుంది. హాని లేదు, కల్తీ లేదు. ఆ పాఠం డిగ్రీ రెండో ఏట నేను చదివాను, మార్కులు కూడా వచ్చాయి. వైను తాగేవాళ్లు, హోటళ్లవాళ్లు ఈ పలుకులు చూసి కంగారు పడతారని ఆ పాఠంలోనే ఉంది. ల్యాబువాళ్లు కంగారు పడతారని లేదు.

చేయాల్సిన పరీక్షలు ఆ సాయంత్రమే చేశాం. పలుకులు వేడినీళ్లలో కరిగాయి, నిప్పు మీద పెడితే నల్లబడ్డాయి. ఇక అనుమానం లేదు. మాది రుచి చూసే ల్యాబు. ఐదుగురం కూర్చుని సీసాలో ఉన్న ప్రతిదీ రుచి చూశాం, నేరం మోపిన ఆ ఒక్కదాన్ని తప్ప.

మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా మొహం చూసి తలుపు వేశారు.

"సంతకం పెట్టి పంపిన రిపోర్టండీ అది. తప్పని రాసిస్తే మనకి ఎంత చెడ్డపేరో తెలుసా?"

"తెలుసు మేడం."

"మీకు ఇంకా రెండు నెలలే సర్వీసు. అందరూ మీ తప్పు గురించే చెప్పుకుంటారు, ముప్ఫై ఏళ్లూ పక్కకి పోతాయి."

"ఆయనకి ఇంకా ఎనిమిదేళ్లు సర్వీసుంది మేడం. సోమవారానికి అయిపోతుంది."

మేడం కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నారు. చివరికి, "సరే, రాయండి. కానీ ఈసారి రిమార్కుల గడిలో వాక్యం బాగా కుదిరిందనిపిస్తే మాత్రం కొట్టేసి నా దగ్గరికి తీసుకురండి" అన్నారు.

శనివారం పొద్దున నేను, అక్క, ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, సవరించిన రిపోర్టు, మూడు గాజు గ్లాసులు పట్టుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. ఓనరు పెద్దాయన. గేటు దగ్గర తూకం కాటా పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు. హమాలీలు సంచులు దించడం ఆపి చుట్టూ మూగారు. ఇన్‌చార్జి తాళాల గుత్తి చేతిలో పట్టుకుని, అప్పజెప్పడానికో ఉంచుకోవడానికో తెలియనట్టు నిలబడ్డాడు.

ఓనరు కొత్త కాగితం తిప్పి చూశాడు. "మొన్న గాజన్నరు. ఇయ్యాల గాదంటున్రు. ఎల్లుండి ఏమంటరు?"

న్యాయమైన ప్రశ్న. నేను పలుకులున్న గ్లాసులో వేడినీళ్లు పోశాను. అందరూ వంగారు. పలుకులు కరిగి మాయమయ్యాయి. ఒక హమాలీ, "జాదూ జేసిండు" అన్నాడు. ఆ మాట నాకేమీ అక్కరకు రాలేదు.

ఓనరు కదల్లేదు. "గవన్నీ నాకు దెల్వదు. గాజు గాదంటివి గదా, తిను."

నా జీవితంలో నేను నాలుక మీద పెట్టుకోనిది లేదు. పురుగుపట్టిన శనగపిండి, మాడిన నూనె, పద్దెనిమిది ఆవకాయలు. కానీ నాలుగు రోజుల కింద గాజు అని నా చేత్తో రాసిన పలుకును నోట్లో పెట్టుకోవడానికి నా చెయ్యి లేవలేదు. బుర్రకు తెలుసు. చేతికి తెలియలేదు. చుట్టూ ఇరవైమంది. అక్క నా చెవి దగ్గర, "పెట్టుండ్రి సార్, నేను నిన్న దిన్న, బతికే ఉన్న గద" అంది.

పెట్టుకున్నాను. పుల్లగా, కాస్త ఇసుక నమిలినట్టు. కరిగింది.

ఓనరు నా నోటివంకే చూస్తున్నాడు. రక్తం రాలేదని రూఢి అయ్యాక చెయ్యి చాపాడు. ఆయన నలభై ఏళ్లుగా చింతపండు సంచిలో వేలు పెట్టి నాలుకకు రాసుకుని, అది ఏ జిల్లాదో చెప్పే మనిషి. అక్క ఆయన వేలి మీద ఒక పలుకు పెట్టింది. చప్పరించాడు. ముఖం మారింది. ఇంకోటి అడిగాడు.

"అరే, ఇది చింతపులుపే గద!" అన్నాడు. అని రిపోర్టు మడతపెట్టి కుర్చీ కింద పడేశాడు. దాని అవసరం తీరిపోయింది. "పాత చింతపండుకు గూడ గిట్లనే పలుకులు పడతయ్. మా రూంల ఎన్ని సూడలే!" తర్వాత ఇన్‌చార్జి వైపు తిరిగి, "ఏందిరా, ఇరవై ఏండ్లు చింతపండు మధ్యల ఉన్నవ్, నువ్వన్న నాకి సూడొద్దా?" అని తిట్టాడు.

ఇన్‌చార్జి తాళాల గుత్తి మెల్లగా స్వెట్టరు జేబులో వేసుకున్నాడు. తిట్టు పడ్డాక ఉద్యోగం ఖాయమని ఆ వాడలో అందరికీ తెలుసు.

వస్తూ ఉంటే ఓనరు నన్ను ఆపాడు. "సార్, మీరేం సదివిన్రు?"

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ."

"గా అమ్మ?"

"నాలుగో తరగతి" అంది అక్క, నా బదులు. ఓనరు మా ఇద్దరినీ ఒకసారి మార్చి మార్చి చూసి, మర్యాదస్తుడు కనుక ఎండల గురించి మాట్లాడాడు.

సవరించిన రిపోర్టులో పరీక్షించిన వారు అన్నచోట నా పేరు కింద అక్క చేత తెలుగులో సంతకం పెట్టించాను. ఆమె హోదా ఏం రాయాలని మేడం అడిగితే, ప్యానెల్ సభ్యురాలు అని రాశాం. హోటలువాళ్లు సరుకు తీసుకున్నారు. వడ్డించేటప్పుడు అడుగు కదపకుండా పోస్తే చాలని మేమే సలహా ఇచ్చాం. షాబాద్ బండ మీద తొలివాన అన్న మా మాట వాళ్ల మెనూ కార్డులోకి ఎక్కిందని విన్నాను. వెళ్లి చూడలేదు. అక్కడ ఉమ్మడానికి కప్పు ఇవ్వరు కదా, నాకు అలవాటు లేదు.

నా వీడ్కోలు సభలో మేడం అన్నట్టే జరిగింది. ముప్ఫై ఏళ్లూ పక్కకి పోయి, అందరూ గాజు గురించే మాట్లాడారు. అకౌంట్స్ ఆఫీసరు ఒక అడుగు ముందుకేసి, నాకు కప్పుకోవడానికి శాలువా, చప్పరించడానికి పటికబెల్లం పలుకులు ఇచ్చాడు. "తినన్నా, బహుశా గాజు గాదు" అన్నాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. ఏఎస్ రావు నగర్ దాకా వెళ్లి కూరలు తెచ్చుకుంటాను, రుచి గురించి అభిప్రాయాలు చెప్పను. రెండు మూడు వారాలకోసారి ఫోనులో ఒక ఫోటో వస్తుంది. పంపేది ఆ ఇన్‌చార్జి. ఒకసారి ఎండుచేప మీద ఉప్పు, ఒకసారి ఐస్‌క్రీం డబ్బాలో మంచు, ఒకసారి గట్టిపడ్డ తేనె. ప్రతిదాని కిందా ఒకటే ప్రశ్న: సార్, ఇది గాజేనా? నేను కోప్పడను. ఫోటో వచ్చిందంటే ఆయన ఇంకా ఆ చల్లటి గదుల్లో తాళాల గుత్తితో తిరుగుతున్నాడని అర్థం. మూడు వారాలు దాటి రాకపోతే నాకే తోచదు.

పోయిన వారం మిరపకాయ సంచుల మీద తళతళలాడుతున్న ముక్కల ఫోటో వచ్చింది. ఈమధ్య నేనూ ముదిరాను. తొందరపడకుండా, వేడినీళ్లు పోసి చూశారా అని రాశాను.

వెంటనే ఫోన్ చేశాడు. "పోసిన సార్, కరగలే. పైన ట్యూబ్‌లైట్ పలిగింది. గిది గాజే."

"రిపోర్టు రాసివ్వమంటారా మరి?"

"వద్దు సార్" అన్నాడు కంగారుగా. "మేమే ఊడ్సుకుంటం."